వరంగల్లులో ఒక కుర్చీ

వరంగల్లు వెళ్లొచ్చానని తెలిసిన దగ్గర్నుంచి మా ఊళ్లో ప్రతివాడూ ఒకటే అడుగుతున్నాడు. వేయి స్తంభాల గుడి చూశావా? కోట చూశావా? భద్రకాళి చెరువు చూశావా? చూడలేదు బాబూ, చూడలేదు. పదకొండు రోజులు ఆ ఊళ్లో ఉండి స్తంభాలు లెక్కపెట్టకుండా వచ్చినందుకు నన్ను దద్దమ్మ అనుకునేవాళ్లు నిక్షేపంగా అనుకోవచ్చు. నేను వెళ్లింది ఒక కుర్చీ కోసం. అది దొరికిందో లేదో చెప్పడానికే ఇది రాస్తున్నాను. స్తంభాల సంగతి రాసినవాళ్లు చాలామంది ఉన్నారు, అవి అక్కడ చదువుకోండి.

నా పేరు సూర్యారావు. సామర్లకోట పక్క మా ఊళ్లో బ్యాండు సూర్రావంటే ఎవరైనా ఇల్లు చూపిస్తారు. ట్రంపెట్ వాయిస్తాను. పాతికేళ్లుగా ఎంతమంది పెళ్లికొడుకుల్ని విడిది నుంచి పందిరి దాకా చేర్చానో నాకే తెలియదు. పందిరి దాకానే సుమండీ. లోపలికి మాకు ప్రవేశం లేదు. సన్నాయి మేళం వారికి లోపల తివాచీ, తాంబూలం. మాకు రోడ్డు. భోజనం కూడా అందరూ లేచాక, ఆ రోడ్డు మీదే, విస్తరి చేత్తో పట్టుకుని నిలబడి తినాలి. మా నాన్న అలాగే తిన్నాడు, నేనూ అలాగే తిన్నాను.

రెండేళ్ల కిందట మా ఊరి సంగీత సభ పెద్దాయన దగ్గరికి వెళ్లి, ఒక్క అరగంట వేదిక మీద వాయిస్తాం, రూపాయి కూడా ఇవ్వక్కర్లేదు అని అడిగాను. ఆయన నవ్వాడు. "వీధి వాయిద్యం వేదికెక్కుతుందటోయ్! అసలు కుర్చీలో కూర్చుని వాయించడం వచ్చా మీకు?" అన్నాడు. పక్కనున్న నలుగురూ నవ్వారు. ఆ నవ్వు రెండేళ్లయినా నా చెవుల్లోంచి పోలేదు. ఒక్కసారి, ఒకే ఒక్కసారి, వేదిక మీద కుర్చీలో కూర్చుని వాయించాలని అప్పుడే ఒట్టు పెట్టుకున్నాను.

డెబ్బైలు పోయి ఎనభైలు మొదలయ్యాయో లేదో, ఈ ఎండాకాలం మూఢం వచ్చి పడింది. మూఢమంటే పెళ్లిళ్లు ఉండవు, పెళ్లిళ్లు లేకపోతే మా బాకాలకి బూజే. సరిగ్గా ఆ ఖాళీలోనే హనుమకొండలో ఇత్తడి వాయిద్యాలవాళ్లకి పది రోజుల శిక్షణ శిబిరం పెడుతున్నారని, కాగితం చూసి వాయించడం నేర్పుతారని, ఆఖరి రోజు వేదిక మీద కచేరీ ఉంటుందని తెలిసింది. "ఈ వయసులో బడికెళ్తారా?" అంది మా ఆవిడ. వెళ్తానన్నాను. నలభై ఆరేళ్లవాడు బడికి వెళ్లకూడదని ఏ శాస్త్రంలో ఉంది?

రైల్లో

నా ట్రంపెట్‌కి పెట్టె లేదు. మా ఆవిడ పాత చీరలో చుట్టి, దిండు గలీబులో దూర్చి, భుజాన వేసుకున్నాను. బెజవాడలో బండి మారాక నిలబడటానికి తప్ప చోటు లేదు. ఖమ్మం దాకా అలాగే ఊగుతూ వచ్చాను. ఎదురు బల్ల మీద మామిడిపళ్ల బుట్ట కాళ్ల మధ్య పెట్టుకుని కూర్చున్న పెద్దావిడ నా భుజం వైపే చూస్తోంది.

"ఏంది బిడ్డా గది? పిలగాడా? ఊపిరి ఆడతాందా లేదా ఆనికి?" అంది.

"పిల్లాడు కాదండి. బాకా అండి. మాది బ్యాండు మేళం."

"ఓర్నీ, బ్యాండోనివా! మరి గట్ల నిలవడ్డవేంది?" అని పక్కవాళ్లను మోచేత్తో నెట్టింది. "జరుగుండ్రి, జర జరుగుండ్రి. బ్యాండాయినె కూసుంటడు."

వాళ్లు నిజంగానే జరిగారు! బ్యాండువాడు కూర్చుంటాడు, జరగండి అని నా కోసం ఎవరైనా అనడం పాతికేళ్లలో అదే మొదలు. కూర్చున్నాను గాని ఒళ్లు ముడుచుకునే కూర్చున్నాను, అలవాటు లేక. ఆవిడ మానుకోటలో కూతురింటికి వెళ్తోంది. మహబూబాబాద్‌ని వాళ్లు మానుకోట అంటారు. మామిడిపండు ఒకటి చేతికిచ్చి, "నా మనుమరాలి లగ్గానికి నువ్వే రావాలె, బువ్వ కడుపునిండ వెడ్త" అంది. ఎక్కడ పెడతావమ్మా, రోడ్డు మీదా అని అడగబోయి ఊరుకున్నాను. ఆ పండు తీపి చెడగొట్టుకోవడం దేనికి?

మిర్చి ఘాటు

వరంగల్లు స్టేషన్లో దిగగానే నేను చేసిన మొదటి శబ్దం తుమ్ము. రెండోది తుమ్ము. వరసగా పదకొండు తుమ్ములు తుమ్మాను. గూడ్సు బండ్ల వైపు ఎండుమిర్చి బస్తాలు కొండల్లా పేర్చి ఉన్నాయి. వడగాలి వచ్చిందంటే ఆ ఘాటంతా మనిషి ముక్కులోకే. కళ్లు తుడుచుకుంటూ బయటికొస్తే రిక్షా అతను నవ్వుతున్నాడు.

"కొత్తనా అన్నా? మాకు గీ గాలి లేకుంటెనే తుమ్ములొస్తయ్."

హనుమకొండకి మూడు రూపాయలన్నాడు. రెండున్నరకి ఒప్పుకున్నాడు. దారిలో తనే ఆపి చాయ్ తాగించాడు, నలభై పైసలు. మా వైపు కాఫీ గ్లాసుల్లో పొగలు కక్కుతూ తాగుతాం. ఇక్కడ సాసరులో పోసుకుని జుర్రున పీల్చడమే మర్యాద. నేను కప్పుతో తాగితే హోటలాయన, "గట్ల తాగితే నాలికె కాల్తదన్నా" అన్నాడు. ఆ ఊళ్లో చిన్నా పెద్దా అందరూ నన్ను అన్నా అనే అన్నారు. మా వైపు మమ్మల్ని "ఏవోయ్ బ్యాండూ" అని పిలుస్తారు. ఇరవై మంది ముందు "ఏవోయ్ బ్యాండూ" అంటే "ఆయ్" అని పలికే మనిషికి ఈ అన్నా అనే మాట ఎంత చల్లగా ఉంటుందో మీకు తెలియదు.

బడిలో

ఎండాకాలం సెలవులకి ఖాళీ చేసిన బడి అది. మొత్తం పద్దెనిమిది మందిమి. పరకాల, వర్ధన్నపేట, ఏటూరునాగారం, ఇంకా ఎక్కడెక్కడి పెళ్లి బ్యాండులవాళ్లో. కోస్తా నుంచి నేనొక్కణ్ణే. పెద్ద గదిలో పద్దెనిమిది కుర్చీలు మూడు వరసల్లో వేసి ఉన్నాయి. ఒకదాని వీపు చేత్తో తడిమి చూశాను, నిజం చెప్తున్నాను.

నేర్పేది సుబేదారు సారు. పటాలంలో ముప్పై ఏళ్లు బ్యాండు నడిపి రిటైరై సికింద్రాబాదులో ఉంటున్నాడు. ఆ ఎండలో కూడా చొక్కా ఇస్త్రీ నలగని మనిషి. చేతిలో సన్న బెత్తం ఉంటుంది గాని ఎవర్నీ కొట్టడు, గాలిలో తిప్పుతాడు. పని మాత్రం తెలిసిన మనిషి, అది ఒప్పుకోవాలి. మొదటి రోజే అందరికీ ఊపిరి ఎక్కడ పట్టాలో చెప్పాడు. ఇన్నేళ్లూ గొంతుతో ఊదిన నేను పొట్టతో ఊదడం ఆ రోజే నేర్చుకున్నాను.

రెండో రోజు ఆయన సొంతంగా రాసిన మార్చి, అంటే కవాతు పాట, ఒకటి కాగితాల మీద తెచ్చి పంచాడు. పరకాల సమ్మయ్య సైడు డ్రమ్ము మీద గడగడమని మొదలుపెట్టాడు. మేం అందుకున్నాం. బాగానే ఉంది. నాలుగో లైనులోకి వచ్చేసరికి, మీరు నమ్మరు, మేం పద్దెనిమిది మందిమీ వరండాలో ఉన్నాం! కుర్చీలు లోపలే ఉన్నాయి. ఎప్పుడు లేచామో, గుమ్మం ఎలా దాటామో ఒక్కడికీ తెలియదు. డ్రమ్ము గడగడమంటే పెళ్లికొడుకు కదిలాడని లెక్క. అది వింటే పెళ్లి బ్యాండువాడి కాళ్లు వాటంతట అవే లేస్తాయి. వరండా చివరికెళ్లి ఎడమవైపు మలుపు కూడా తిరిగాం.

"బైఠో!" అని అరిచాడు సుబేదారు సారు. "ఎవరు లేవమన్నారు మిమ్మల్ని?"

"ఎవరూ అనలేదండి," అన్నాను ముందున్నవాణ్ణి గనక. "కాళ్లు లేచాయండి. అయినా ఇది నడిచే పాటే కదండీ! నడిచే పాటని కూర్చుని వాయించమంటారేంటండీ?"

ఆయన మొహం కందగడ్డ అయింది. "రోడ్డు మీద ఎవడైనా వాయిస్తాడు. కదలకుండా కూర్చుని, కాగితం చూసి వాయించినవాడే మ్యుజీషియన్. తొమ్మిదో రోజు పరీక్ష పెడతాను. అలా వాయించినవాళ్లకే స్టేజి మీద కుర్చీ. మిగతావాళ్లు గేటు దగ్గర నిలబడి ముఖ్య అతిథికి స్వాగతం వాయిస్తారు."

మళ్లీ గేటు! ఆ మాటకి నా ఒంటికి కారం రాసినట్టయింది. రెండొందల మైళ్లు వచ్చింది మళ్లీ గేటు దగ్గర నిలబడటానికా?

నా పక్క కుర్చీలో ఉన్నాయన అప్పుడు నా వైపు వంగి, "ఫికర్ జేయకు తమ్మీ. కాళ్లను గుడ మచ్చిక జేస్కోవచ్చు" అన్నాడు. ఆయనే వర్ధన్నపేట యాకూబ్. అరవై దాటిన మనిషి, బక్కగా ఉంటాడు, నెత్తిన తెల్ల టోపీ. పై పళ్లు ముందు రెండూ లేవు. ఎవరి బరాత్‌లోనో, అంటే పెళ్లి ఊరేగింపులో, తాగి ఎగురుతున్న పెళ్లికొడుకు బావమరిది వెనక్కొచ్చి ట్రంపెట్‌ని గుద్దాడట. అప్పట్నుంచి ఆయన నోటి ఎడమ మూల పెట్టి ఊదుతాడు. చూడ్డానికి వంకరగా ఉంటుంది. వింటే మాత్రం కళ్లు మూసుకోవాలనిపిస్తుంది.

"యాకూబ్ గారండీ" అని నేను పిలిస్తే ఆయన పడీపడీ నవ్వాడు. "గారు ఏంది తమ్మీ! నేనేమన్న తాసీల్దారునా? భాయ్ అను, సాలు."

కాలిన పెదవి

నాలుగో రోజు ఒక పిచ్చి పని చేశాను. పొద్దున్నే చింతపండు పెట్టి ట్రంపెట్ తళతళా తోమి, ఆరడానికి కిటికీలో పెట్టి మర్చిపోయాను. వరంగల్లు ఎండ అంటే మా వైపు ఎండ కాదు. మాకు చెమట పోస్తుంది, అక్కడ చెమట కూడా ఎగిరిపోతుంది. పదింటికి తీసి పెదవికి ఆనించానో లేదో చుర్రుమంది. పై పెదవి బొబ్బ కట్టింది. ఆ రోజుకి నా ఊదడం అయిపోయింది.

వంట చేసే కొమురమ్మ నా మొహం చూసి, "దవాఖానకు వోతవా, మీగడ పెట్టుమంటవా?" అంది. మీగడ పెట్టమన్నాను. ఆవిడ పెట్టే అన్నం గురించి కూడా చెప్పాలి. మొదటి రోజు మధ్యాహ్నం నేను అలవాటు కొద్దీ పళ్లెం పట్టుకుని వంటగది గోడవారకి వెళ్లి నిలబడ్డాను. కొమురమ్మ గరిటె చూపించి కేకేసింది.

"ఏమన్నా, ఎవలన్న తరుముతాండ్రా? కూసో. నిలవడి తింటె నేను పెట్ట."

కూర్చున్నాను. అన్నం, ముద్దపప్పు, పచ్చిపులుసు. మేం పులుసంటే పొయ్యి మీద మరిగించాల్సిందే. వాళ్లు చింతపండు నీళ్లలో పచ్చి ఉల్లిపాయలు, కాల్చిన మిరపకాయలు పిసికి అలాగే పోసేస్తారు. మొదట మొహం చిట్లించాను. మూడో రోజుకి గిన్నె ఎత్తి తాగుతున్నాను. ఇంటికొచ్చాక మా ఆవిడ చేత చేయించాను గాని ఆ రుచి రాలేదు.

ఆదివారం, వర్ధన్నపేట

పెదవి తగ్గింది గాని కాళ్లు లొంగలేదు. డ్రమ్ము మొదలైతే చాలు, మడమలు లేచేవి. కాళ్లు బిగబడితే తాళం తప్పేది, తాళం పట్టుకుంటే కాళ్లు లేచేవి. ఆదివారం సెలవిస్తే యాకూబ్ భాయ్ నన్ను వాళ్లింటికి తీసుకుపోయాడు. ఖమ్మం రోడ్డు మీద బస్సు. పక్క సీటులో రెండు కోళ్లు, వాటికి టిక్కెట్టు లేదు.

ఇంట్లో కుర్చీ లేదు. ఆయన వెళ్లి మంగలి దుకాణం నుంచి ఒకటి అడిగి తెచ్చాడు. నన్ను అందులో కూర్చోబెట్టి, తువ్వాలు రెండుగా చింపి, నా చీలమండలు రెండూ కుర్చీ కాళ్లకి గట్టిగా కట్టేశాడు. వాకిట్లో చుట్టుపక్కల వాళ్లంతా చేరారు. ఆయన భార్య రంజాన్‌బీ జొన్నరొట్టె కొడుతూ కొడుతూ లేచి వచ్చింది.

"గిదేం పనయ్యా? సుట్టాన్ని పిలుసుకచ్చి దొంగ తీర్గ కట్టేసినవ్?"

"నీకు తెల్వదు, నువ్వు రొట్టె మాడకుంట జూడు," అని ఆయన నా ముందు గొంతుక్కూర్చున్నాడు. "తమ్మీ, నీ తాళం మొత్తం పిక్కలల్ల ఉన్నది. దాన్ని కిందికి దింపు. కాలి బొటనవేలు కాడికి తే. చెప్పులోపట బొటనవేలు ఒక్కటే ఆడాలె. సుబేదారు ఏంది, ఆని తాత గుడ కనిపెట్టడు."

ఆయన చేత్తో నేలమీద గడగడ కొట్టాడు. నేను ఊదాను. మొదటిసారి కుర్చీతో సహా ముందుకి గెంతాను. వాకిలంతా నవ్వులు. పదిసార్లు, ఇరవైసార్లు అయ్యాక ఏదో జరిగింది. పిక్కలు ఊరుకున్నాయి. బొటనవేలు ఒక్కటే చెప్పులో టక్కుటక్కుమని కొడుతోంది. మార్చి మొదటి నుంచి చివరిదాకా వాయించాను, కుర్చీ కదల్లేదు! ఆ ఆనందానికి కట్లు విప్పుకోకుండా లేవబోయి బోర్లా పడ్డాను, అది వేరే సంగతి.

జొన్నరొట్టె, పుంటికూర వేసి వండిన మాంసం పెట్టారు. మేం గోంగూర అనేదే వాళ్లకి పుంటికూర. నేను ఐదు రొట్టెలు తిన్నాను. తింటూ అడిగాను, భాయ్, మీకు మాత్రం ఈ కుర్చీ మీద ఆశ లేదా అని.

"లేదంటె అబద్ధమైతది," అన్నాడాయన. "మా నాయిన బరాత్‌ల నిలవడి వాయించుకుంటనే కుప్పకూలిండు. పొద్దటిసంది కూసోలె ఆయినె. నేను ఒక్కపారి కూసొని వాయించాలె తమ్మీ, నలుగురు సూడంగ. గంతే."

నాది కోపం, ఆయనది బాధ. కావలసింది మాత్రం ఇద్దరికీ ఒకటే.

తలకిందుల కాగితం

తొమ్మిదో రోజు పరీక్ష. ఒక్కొక్కళ్లే కూర్చుని, ముందు స్టాండు మీద కాగితం పెట్టుకుని వాయించాలి. సుబేదారు సారు పక్కన శిబిరం నిర్వాహకుడు కూడా వచ్చి కూర్చున్నాడు, తెల్ల ప్యాంటు, నల్ల కళ్లద్దాలు. నా వంతు వచ్చింది. చెప్పులో బొటనవేలు ఆడించాను. కాగితం కూడా నాకు సగానికి సగం అర్థమైంది, మిగతా సగం చెవి అందుకుంది. "పాస్," అన్నాడు సారు. గాల్లో తేలాను.

తర్వాత యాకూబ్ భాయ్. ఏం వాయించాడండీ! ఒక్క స్వరం తప్పలేదు. ఊపిరి పట్టాల్సినచోటే పట్టాడు, వదలాల్సినచోటే వదిలాడు. సుబేదారు సారే బెత్తం ఒళ్లో పెట్టుకుని తలాడించాడు. అంతా అయిపోయాక కాగితం తీయడానికి ముందుకి వంగి ఆగిపోయాడు.

"యాకూబ్, ఇదేమిటి? కాగితం తలకిందులుగా ఉంది."

యాకూబ్ భాయ్ కాగితం వైపు చూశాడు. అటు తిప్పాడు, ఇటు తిప్పాడు. "నాకు ఎట్ల వెట్టినా చీమల బారే గద సార్. అందరు వెట్టుకున్నరని నేను గుడ వెట్టుకున్న. ఇన్నది నా చెవులల్ల ఉంటది."

నిర్వాహకుడు పకపకా నవ్వాడు. అతన్ని చూసి ఇంకొందరు నవ్వారు. ఆ నవ్వు నాకు తెలుసు. మా ఊరి సభ పెద్దాయన నవ్వు అచ్చం అలాగే ఉంటుంది.

సుబేదారు సారు నవ్వలేదు. "తప్పు లేకుండా వాయించావు. కాని కాగితం చదవలేదు. రూల్ రూలే. నువ్వు గేటు దగ్గర," అన్నాడు.

తప్పు పోనప్పుడు కాగితం ఎటు ఉంటే ఏమిటండీ అని లేచి అడగాల్సింది నేను. అడగలేదు. నా కుర్చీ నాకు దక్కింది కదా, ఇప్పుడు నోరు తెరిస్తే అదీ పోతుందేమో అనుకున్నాను. ఇది రాస్తుంటే ఇప్పటికీ సిగ్గేస్తోంది. యాకూబ్ భాయ్ ట్రంపెట్ చంకన పెట్టుకుని బయటికి వెళ్తూ నా భుజం తట్టి, "మంచిగ వాయించినవ్ తమ్మీ" అన్నాడు. తిట్టినా బాగుండేది.

మధ్యాహ్నం తల వంచుకుని భోజనానికి కూర్చున్నాను. సంగతంతా విన్న కొమురమ్మ నా పళ్లెంలో పచ్చిపులుసు పోస్తూ, మెల్లగా, నాకొక్కడికే వినబడేలా అడిగింది.

"నోరు ఊదేటందుకే ఉన్నదా అన్నా? మాట్లాడేటందుకు లేదా?"

పదో రోజు

సాయంత్రం ఐదింటికి కచేరీ. బడి ఆవరణలో వేదిక కట్టారు. దాని మీద పదకొండు కుర్చీలు, పదకొండు స్టాండులు. ఊళ్లో పెద్దమనుషులు వచ్చి కూర్చున్నారు. పాసైన పదకొండు మందిమీ వేదికెక్కాం. నేను మొదటి వరస, కుడి నుంచి రెండో కుర్చీ. భయం కొద్దీ, ఎవరూ చూడకుండా, తువ్వాలు ముక్కలతో నా చీలమండలు కుర్చీకి కట్టేసుకున్నాను. ఎదురుగా, దూరంగా, గేటు బయట ఎండలో ఏడుగురు నిలబడి ఉన్నారు. వాళ్లలో తెల్ల టోపీ కనబడుతోంది.

ఇంత కోరుకున్న కుర్చీ. కూర్చుంటే ముళ్ల మీద ఉన్నట్టుంది.

ముఖ్య అతిథి ఎవరో పెద్ద ఆఫీసరు. జీపు శబ్దం వినబడింది. గేటు దగ్గర సమ్మయ్య డ్రమ్ము గడగడమంది. దాని మీదికి యాకూబ్ భాయ్ ట్రంపెట్ లేచింది, నోటి ఎడమ మూల నుంచి, అదే మార్చి.

నా కాళ్లు లేచాయి. ఈసారి నేను వాటిని ఆపలేదు. కుర్చీ కాళ్లకి అంటుకునే వచ్చింది, స్టాండు పడింది, స్టాండు మీద నేను పడ్డాను. జనమంతా గొల్లుమన్నారు. నవ్వండి, బాగా నవ్వండి అనుకుంటూ కట్లు విప్పుకున్నాను. కుర్చీ ఎత్తి నెత్తిన పెట్టుకున్నాను. ట్రంపెట్ చంకన పెట్టి మెట్లు దిగాను.

"సూర్యారావ్! కూర్చో!" అరిచాడు సుబేదారు సారు.

"కూర్చోడానికే వెళ్తున్నానండి!" అన్నాను.

పెద్దమనుషుల మధ్యలోంచి నడిచి, గేటు దాటి, రోడ్డు మీద యాకూబ్ భాయ్ వెనకాల కుర్చీ వేశాను. "కూర్చో భాయ్."

"పాగల్ అయినవా తమ్మీ? అది నీ కుర్సి."

"నాదే కదా! నాదైతే నా ఇష్టం వచ్చినచోట వేసుకుంటాను. కూర్చో!"

ఆయన ట్రంపెట్ కిందికి దించాడు. టోపీ సర్దుకున్నాడు. కూర్చున్నాడు. వేదిక మీంచి మిగతావాళ్లు చూస్తున్నారు. ముందు ఏటూరునాగారం అతను తన కుర్చీ ఎత్తాడు. తర్వాత ఇంకొకరు, ఇంకొకరు. అందరూ అని అబద్ధం చెప్పను. ఐదుగురు వచ్చారు, ఐదుగురు అక్కడే ఉండిపోయారు, వాళ్ల ఇష్టం. తెచ్చిన కుర్చీలు సమ్మయ్యకీ గేటు దగ్గర ఉన్న మిగతావాళ్లకీ వేశాం, ఒకటి తక్కువైంది. మేం నిలబడబోతుంటే కొమురమ్మ వంటగదిలోంచి బల్ల ఒకటి ఈడ్చుకుంటూ వచ్చింది. ఇంకో చేతిలో తను కూరలు తరిగే స్టూలు. దాన్ని నా ముందు ధడాలున పడేసి, "ఇగ నువ్వు గుడ కూసో" అంది.

రోడ్డు నిండా మా కుర్చీలే. జీపు పోవడానికి దారి లేదు. ఆఫీసరు దిగాడు. ఆయనకి వేయడానికి కుర్చీ లేదు. మేం పదమూడు మందిమి రోడ్డు మీద కూర్చుని మార్చి మొదలుపెట్టాం, ఆఫీసరు నిలబడి విన్నాడు. కాగితాలు వేదిక మీదే ఉండిపోయాయి. ఒక్కడి కాలు లేవలేదు. చెప్పుల్లో ఎన్ని బొటనవేళ్లు ఆడాయో నాకు తెలియదు.

సగంలో సుబేదారు సారు గబగబా వచ్చాడు. ఆపుతాడనుకున్నాను. యాకూబ్ భాయ్ ఎదురుగా నిలబడి, చేతులు వెనక్కి కట్టుకుని, చివరిదాకా విన్నాడు. అయిపోయాక గొంతు సవరించుకున్నాడు.

"రెండో లైనులో గాలి తగ్గింది, యాకూబ్ మాస్టర్."

పది రోజుల్లో ఆయన ఎవర్నీ మాస్టర్ అనలేదు. యాకూబ్ భాయ్ కుర్చీలోంచి లేవకుండానే నవ్వాడు.

"తగ్గింది పండ్లు సార్. గాలి కాదు."

ఇల్లు

శిబిరంవాళ్లు కాగితాలు పంచారు, శిక్షణ పూర్తిచేశారని. రోడ్డు మీదికి కుర్చీలు తెచ్చిన ఆరుగురికీ ఇవ్వలేదు. నిర్వాహకుడు నా మొహం కూడా చూడలేదు. నేనూ అడగలేదు. కాగితం లేకుండా వెళ్లాను, కాగితం లేకుండా వచ్చాను. స్టేషన్ దాకా యాకూబ్ భాయ్ వచ్చాడు. ఈసారి మిర్చి ఘాటుకి ఒక్క తుమ్మే వచ్చింది.

మూఢం వెళ్లిపోయింది. మొదటి బేరం ఎవరి దగ్గర్నుంచి వచ్చిందనుకున్నారు? సంగీత సభ పెద్దాయన కూతురి పెళ్లి. తాంబూలం అందుకునే ముందు ఒక షరతు పెట్టాను.

"తొమ్మిది కుర్చీలు వేయించాలండి. పందిట్లోనే."

"అదేమిటోయ్! మీరు నడుస్తూ వాయించేవాళ్లు, కుర్చీలెందుకు?"

"నడిచేటప్పుడు నడుస్తామండి. ఆగినప్పుడు కూర్చుంటాం, తినేటప్పుడు కూర్చుంటాం. మీకు కుదరకపోతే వేరే మేళం చూసుకోండి."

ఆయన నవ్వడానికి నోరు తెరిచాడు. నా మొహం చూసి మూసుకున్నాడు. కాసేపు వేళ్ల మీద ఏదో లెక్కేసుకుని, "మీరు ఎనిమిది మందే కదయ్యా? తొమ్మిదోది ఎవరికి?" అన్నాడు.

"మా అన్నకండి. వర్ధన్నపేట నుంచి రావాలి. ఉత్తరం రాశాను."

పెళ్లి ఎల్లుండే. ఇందాక వెళ్లి చూసొచ్చాను, పందిట్లో కుర్చీలు వేశారు, తొమ్మిదీ ఉన్నాయి. యాకూబ్ భాయ్ వస్తే తొమ్మిదో దాంట్లో కూర్చుంటాడు. రాకపోయినా సరే, ఆ కుర్చీని ఎవడు తీస్తాడో నేనూ చూస్తాను.